రెండో బ్యాటరీ

"బ్యాటరీ ఎన్ని గంటలకు బిగించినావు?"

"ఏడుంపావుకక్కా."

ఉరుకుందు కింది పెదవికి మూడు కుట్లు పడ్డాయి. నోరు తెరిచినప్పుడల్లా కుట్ల సందుల్లోంచి రక్తం చుక్కలుగా పొడుచుకొస్తోంది. కుడిచేతికి పిండికట్టు. ఎడమచేతికి వేసిన బేడీని ఆస్పత్రి మంచం కమ్మీకి తగిలించారు. పక్కటెముకలు మూడు విరిగాయని, గట్టిగా ఊపిరి పీల్చొద్దని డాక్టరు చెప్పి వెళ్లాడు.

ఇర్ఫానా స్టూలు ముందుకు లాక్కుంది. పదకొండూ ఇరవై. నాలుగు గంటలకు ఇతన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతామని సి.ఐ. చెప్పాడు. నిలబడలేకపోతే మంచంతో సహా తీసుకుపోతామన్నాడు.

ఆమె పన్నెండేళ్లు ఇన్సూరెన్సు కంపెనీల తరఫున గుద్దుకున్న బండ్లకు సర్వే చేసింది. రెండేళ్ల కింద ఆదోనిలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. ఎమ్మిగనూరులో ఉరుకుందు బ్యాటరీ షాపు ఆమెకు పాత పరిచయమే. అందుకే అతని భార్య హులిగెమ్మ మొదట ఫోన్ చేసింది ఆమెకే.

జరిగింది ఊరంతా పాకిపోయింది. పొద్దున తొమ్మిదీ నలభైకి ఆదోనిలో జిన్నింగ్ మిల్లు యజమాని సుంకప్ప తన దూది గోదాములోనే శవమై కనిపించాడు. తల పగిలింది. ముఖం యాసిడ్‌తో ఉడికిపోయింది. శవం పక్కన మోకాళ్ల మీద ఉరుకుందు, చేతుల నిండా రక్తం. మిల్లు పనోళ్లు ఇరవై మంది మీద పడ్డారు. పోలీసులు ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చి ఉంటే రెండు శవాలు మోయాల్సి వచ్చేది.

"షాపుకి వచ్చిందెవరు?"

"బసవరాజన్న. సుంకప్ప సావుకారి బామ్మర్ది. రాత్రి ఎమ్మిగనూరులో సుట్టాల ఇంట్లో పండుకున్యాడంట. పొద్దున్నే లేసి చూస్తే సెల్ఫ్ తీసుకోలేదు. నేనే పోయి తోపించి తెచ్చినా."

"కొత్త బ్యాటరీ పెట్టినాక ఇంజను ఎట్లుండె?"

"మొదట ఊగులాడె. అది మామూలే కదక్కా. ఇంజనుకు గాలి పోయే త్రాటిల్లో మసి పేరుకుంటాది. ఆ మసికి తగ్గట్టు ఎంత గాలి వదలాల్నో బండి కంప్యూటర్ నేర్చుకోనింటాది. బ్యాటరీ తీస్తే అంతా మర్సిపోతాది. మళ్లా నేర్పీయాల." అతను ఆగి ఊపిరి తీసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "పది నిమిషాలు ఏసీ ఆపి, పది నిమిషాలు ఏసీ ఏసి, నిలబెట్టి ఆడించినా. ఇంజను స్పీడు ముల్లు ఎనిమిది నూర్ల కాడ కదలకుండా నిలబడె. ఏడూ ముప్పైఐదుకి పోయినాడు."

"బండిలో గడియారం సరిచేసినావా?"

"లేదు. తొందర తొందర అంటాండె. నువ్వే పెట్టుకోన్నా అంటి."

"మరి ఆదోనికి ఎందుకు పోయినావప్పా నువ్వు?"

"తొమ్మిదికి రెండు నిమిషాలు తక్కువుండె. సావుకారి ఫోన్ నుంచి వచ్చింది. 'బండి ఆగిపోతాంది, మిల్లుకాడికి బిర్నా రా' అని పెట్టేసినారు. పత్తి ఆడే జిన్నుల సప్పుడులో గొంతు గుర్తుపట్టలేకపోతి. బైకు మీద పోయి గోదాములోకి అడుగు పెట్టినా... ముఖం లేదక్కా ఆయప్పకి. బతికినాడేమో అని తల ఎత్తి పట్టుకున్యా. అంతే."

మంచం కాళ్ల దగ్గర హులిగెమ్మ నిలబడి ఉంది. ఇర్ఫానా లేచేసరికి కొంగు ముడి విప్పి అరచేతిలో పెట్టి చూపించింది. రెండు పళ్లు.

"ఆడ మట్టిలో ఏరుకున్యా. మళ్లా పెట్టనీకి వస్తాయేమో అని."

ఇర్ఫానా ఆమె చేతిని మూసి బయటికి నడిచింది.

---

పన్నెండూ ఐదుకి ఆమె గోదాము గుమ్మం దగ్గర ఉంది. సి.ఐ. తిరుపాల్ అడ్డంగా నిలబడ్డాడు.

"యాక్సిడెంటు బండ్లు చూసుకునే దానివి, శవాల కాడ నీకేం పనమ్మా?"

"నా క్లయింటు మీద హత్య కేసు రాస్తాండారు సార్. ఐదు నిమిషాలు చూసి పోతా."

"చూసేదానికేముంది? సుంకప్ప ఫోన్ నుంచి తొమ్మిదికి రెండు నిమిషాల ముందు వానికి కాల్ పోయింది. అంటే అప్పటికి సుంకప్ప బతికే ఉన్నాడు. వీడు తొమ్మిదీ ముప్పైఐదుకి వచ్చినాడు. తొమ్మిదీ నలభైకి శవం. ముఖం మీద యాసిడ్. యాసిడ్ తెచ్చేది బ్యాటరీ వాడు కాక ఇంకెవడు? కాల్ చేసినోడు సచ్చినోడా?"

"సచ్చినోడు చెయ్యడు సార్. సంపినోడు చేస్తాడు."

తిరుపాల్ దవడ బిగిసింది. అయినా పక్కకు జరిగాడు.

లోపల రక్తం ఇంకా పూర్తిగా ఆరలేదు. దూది కుప్ప మీదికి చిమ్మిన చోట నల్లబడి గడ్డకట్టింది. మూడడుగుల ఎత్తు వరకూ గోడకు చారలు. మొదటి దెబ్బకే పడిపోయిన మనిషిని మళ్లీ కొట్టారని ఆ చారలే చెబుతున్నాయి. రక్తం లేని చోట కూడా దూది చిల్లులు పడి, గోధుమరంగుకు మాడింది. యాసిడ్ పడిన చోటు అది.

ఇర్ఫానా సిమెంటు నేల మీద వంగింది. శవం తల ఉన్న చోటికి జానెడు దూరంలో నేల పెచ్చు లేచింది. ఏదో బరువైన డబ్బా మూల తగిలినట్టు రెండు అంచులు కలిసిన గుంట. దాని చుట్టూ తెల్లటి నురగ ఎండిపోయి ఉంది. పక్కన దూదిలోంచి గోరంత నల్ల ప్లాస్టిక్ పెంకు తీసింది.

తిరుపాల్ ఆమె మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. "నా సీన్‌లో చెయ్యి పెట్టినావంటే నిన్ను గూడా అదే జీపు ఎక్కిస్తా."

ఆమె చెయ్యి లాక్కోలేదు. నొప్పికి కళ్లు చికిలించి, పెంకు ఉన్న పిడికిలి మాత్రం విప్పింది.

"ఎక్కించండి. దానికి ముందు ఇదేందో సెప్పండి. సీసాలో యాసిడ్ తెచ్చి పోసింటే గాజు పెంకు దొరకాల. ఇది బ్యాటరీ డబ్బా పెంకు. ఎవరో పది పన్నెండు కేజీల బ్యాటరీ ఎత్తి తల మీద ఏసినారు. ఒక దెబ్బ తప్పి నేలకు తగిలింది. మూల పగిలింది. యాసిడ్ కారింది. మళ్లా అదే ఎత్తి ముఖం మీద ఏసినారు. ఉరుకుందు బైకు మీద వచ్చినాడు. పగిలిన బ్యాటరీ ఈడ లేదు, వాని బైకు మీదా లేదు. ఐదు నిమిషాల్లో మింగినాడా?"

తిరుపాల్ పట్టు సడలింది. పెంకు తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. "ఇంకొకడు తీసకపోయింటాడు."

"ఆ ఇంకొకడినే ఎతుకుదాం. బసవరాజు బండి యాడ?"

---

మిల్లు ముందు ఆవరణలో తెల్లకారు ఎండలో నిలిపి ఉంది. బసవరాజు దాని పక్కనే ఉన్నాడు. ముప్పైఐదేళ్ల మనిషి, పొడవు, బలమైన మెడ. కళ్లు ఎర్రగా ఉబ్బాయి. ఒంటి మీద చొక్కా మాత్రం ఇస్త్రీ మడత కూడా చెదరలేదు.

"బావని పోగొట్టుకున్యాం మేడం. ఇంకేం అడుగుతారు?"

"బండి స్టార్ట్ చెయ్యన్నా."

"దీని వల్లే కదా ఇదంతా!" అతను కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. ముల్లు వెయ్యి దాటి, ఐదు వందలకు పడి, మళ్లీ ఎగిరింది. బండి మొత్తం వణికింది. పది సెకన్లలో ఆగిపోయింది. "చూడండి. ఎమ్మిగనూరు నుంచి ఇదే వరస. దారిలో ఏడుసార్లు ఆగింది. బావకి ఫోన్ చేసి సెప్పినా. ఆయప్ప ఉరుకుందుని తిట్టి పిలిపించినాడు. నేను ముప్పై కిలోమీటర్లు పాకుతా పాకుతా తొమ్మిదీ నలభైకి వచ్చినా. అప్పటికే..." చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"నేను గూడా చూసినా," అన్నాడు తిరుపాల్. "బండి నిలబడట్లేదు. ఈయప్ప సెప్పేది నిజమే."

"బండి నిలబడట్లేదు, అది నిజమే. బానెట్ తియ్యన్నా."

బసవరాజు ఒక్క క్షణం ఆలస్యం చేశాడు. తీశాడు. అతను దిగాక ఇర్ఫానా కడ్డీ ఎత్తి బానెట్‌కు ఆనించింది. బ్యాటరీ వైపు చూసి, డ్రైవరు సీటు దగ్గరికి వెళ్లింది. సంచిలోంచి అరచేతి పొడవు స్కానర్ తీసి స్టీరింగ్ కింది సాకెట్‌కు తగిలించి తాళం ఒక మెట్టు తిప్పింది. డ్యాష్‌బోర్డు వెలిగింది.

"సార్, ఇట్ల రండి. మీ గడియారంలో ఎంతయింది?"

"పన్నెండుంపావు."

"బండి గడియారంలో?"

"మూడూ ఇరవై. తప్పు చూపిస్తాంది."

"తప్పు కాదు. ఈ మోడల్ బండ్లకు బ్యాటరీ తీసి పెడితే గడియారం పన్నెండు కాడి నుంచి మళ్లా మొదలవుతాది. ఎవరూ సరిచెయ్యలేదు. అంటే బ్యాటరీ తగిలించి మూడు గంటలా ఇరవై నిమిషాలు. ఉరుకుందు బిగించింది ఏడుంపావుకి. అదే బ్యాటరీ అయితే ఐదు గంటలు చూపియ్యాల."

తిరుపాల్ వేళ్ల మీద లెక్క పెట్టాడు. అతని పెదవులు కదిలి ఆగాయి. "ఎనిమిదీ యాభైఐదు."

"ఆ టైముకి ఈయప్ప దారిలో పాకుతాండాను అంటాడు. ఈ స్కానర్ చూడండి. కంప్యూటర్ అంతా మర్సిపోయినాక బండి ఎంత దూరం నడిచిందో ఈడ రాసుంటాది. ఒక్క కిలోమీటరు. ఎమ్మిగనూరు ఒక్క కిలోమీటరేనా సార్? ఉరుకుందు ఇచ్చినప్పుడు ఇంజను సాఫ్‌గా ఆడింది. ఈయప్ప ముప్పై కిలోమీటర్లు బాగానే వచ్చినాడు, ఎనిమిదుంపావుకే చేరింటాడు. మిల్లు ఎనక సావుకారి ఇంటి వైపు ఉండే వెనక గేటులోంచి వచ్చింటాడు. ఆ బ్యాటరీతోనే హత్య జరిగింది. బ్యాటరీ లేని కారు కనపడితే దొరికిపోతాడని ఇంకోటి తెచ్చి బిగించినాడు. బిగించంగానే ఇంజను మళ్లా ఊగులాడె. అదే మంచి సాకు దొరికె. సచ్చినాయప్ప ఫోన్‌తో ఉరుకుందుని పిలిచి, వెనక గేటులోంచి బయటపడి, ఊరి పక్క నుంచి చుట్టుకుని ముందు గేటుకి వచ్చినాడు. అదీ ఆ కిలోమీటరు."

చెబుతూ చెబుతూ ఆమె తెరిచిన బానెట్ దగ్గరికి వచ్చింది. మాట ముగిసే లోపే బసవరాజు డోరు పక్కనున్న జాకీ రాడ్ లాగాడు.

మొదటి దెబ్బ తిరుపాల్ వెంట ఉన్న ఒక కానిస్టేబుల్ దవడకు తగిలింది. ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినపడింది. అతను కేక కూడా వెయ్యకుండా కూలిపోయాడు. రెండో దెబ్బ ఇర్ఫానా ఎడమ భుజం మీద పడింది. చెయ్యి వేళ్ల దాకా తిమ్మిరెక్కి వేలాడిపోయింది. ఆమె వెనక్కి తూలి ఇంజను మీద పడింది. ఎండకు కాలిన లోహం వీపుకు అంటుకుంది. తిరుపాల్ నడుం పట్టుకోబోతే, బసవరాజు మోచేత్తో అతని ముక్కు పగలగొట్టాడు.

మూడో దెబ్బకు రాడ్ పైకి లేచింది. ఈసారి గురి ఆమె తల. ఇర్ఫానా పక్కకు దొర్లింది. రాడ్ బ్యాటరీ పక్కన ఇంజను మీద పడి, పైపుల మధ్య ఇరుక్కుంది. లాగడానికి అతను కుడి చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టాడు.

ఆమె బానెట్‌ను నిలిపిన కడ్డీని కుడికాలితో తన్నింది. బానెట్ దబ్బున పడింది. దాని మీద తన బరువంతా వేసి కూర్చుంది.

బసవరాజు అరిచిన అరుపుకు మిల్లు లోపలి పనోళ్లు బయటికి పరుగెత్తుకొచ్చారు. తిరుపాల్ ముక్కులోంచి కారే రక్తం తుడుచుకోకుండానే వచ్చి అతని మెడ మీద చెయ్యి వేసి బానెట్‌కు అదిమాడు.

"మొదటి బ్యాటరీ యాడ్రా?"

"సెయ్యి తియ్... సెయ్యి తియ్ సార్..."

"యాడ?"

"దూది బేలులో! ప్రెస్సు కాడ మూడో మూటలో ఏసి నొక్కినాం!"

ఇర్ఫానా బానెట్ మీద నుంచి దిగింది. చెయ్యి బయటికి వచ్చింది. మణికట్టు పైన ఎముక చర్మాన్ని చీల్చుకుని తెల్లగా కనిపిస్తోంది. అతన్ని నేల మీద బోర్లా పడేశారు. ఆమె అతని పక్కన కూర్చుని ఒక్కో అరచెయ్యీ తిప్పి చూసింది. విరిగినదీ, విరగనిదీ. చాలాసేపు చూసింది.

"ఏం చూస్తాండావు?" అన్నాడు తిరుపాల్.

"ఈయప్ప చేతులు కాలలేదు సార్. పగిలిన బ్యాటరీని మళ్లా ఎత్తి ఏసినోళ్లకి అరచేతులు ఉడికిపోవాల. పైగా 'నొక్కినాం' అన్యాడు. ఇంకొకరు ఉన్నారు."

బసవరాజు నేలకు ముఖం పెట్టి పళ్లు బిగించాడు. ఎంత తన్నినా ఇంక మాట రాలేదు.

తిరుపాల్ బానెట్ మళ్లీ ఎత్తి, పానాతో రెండు టెర్మినళ్లూ విప్పి బ్యాటరీని బయటికి తీశాడు. కొత్తది కాదు. అంచుల్లో దుమ్ము పేరుకుంది. పక్కన పసుపు పెయింటుతో బండి నంబరు రాసి ఉంది. షాపువాళ్లు గ్యారంటీ కోసం రాసుకునే గుర్తు అది. తెల్లకారు నంబరు కాదు.

గుంపులోంచి ఒక పనివాడు మెడ చాచి చూసి, "అది హేమమ్మ ఎర్రబండిది కదా సార్," అన్నాడు. "సావుకారి పెండ్లాం బండి. ఇంటెనక షెడ్డులో పెట్టినారు. శానా దినాలాయ, బయటికి తీయడంలేదు."

---

ఇంటి ముందు గదిలో ఆడవాళ్ల ఏడుపులు వినిపిస్తున్నాయి. హేమమ్మ వాళ్ల మధ్యే ఉందని వాకిట్లో ఎవరో చెప్పారు. ఇద్దరు కానిస్టేబుళ్లను వాకిట్లో నిలబెట్టి, తిరుపాల్, ఇర్ఫానా ఇంటి వెనక్కి నడిచారు.

షెడ్డు రేకులది. కిటికీ లేదు. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల పెట్రోలు వాసన గుప్పుమంది. కాళ్ల కింద నేల తడిగా తగిలింది. నిలిపిన బండి ట్యాంకు కారుతోందేమో అనుకుంది ఇర్ఫానా. తిరుపాల్ టార్పాలిన్ కొస పట్టుకుని లాగాడు.

ఎర్రబండి. బానెట్ తెరిచి ఉంది. బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీ. ఎడమ లైటు లేదు. బంపరు లోపలికి నొక్కుకుపోయింది. ముందు జాలీలో ఆకుపచ్చ మట్టిగాజు ముక్క, నాలుగు పొడుగాటి వెంట్రుకలు.

తిరుపాల్ ఆ గాజుముక్క ముందు వంగి, ముట్టుకోకుండా చూశాడు. 

"పదకొండు దినాలుగా ఈ బండి కోసం తిరుగుతాండా. ఆలూరు రోడ్డు మీద పత్తి ఏరనీకి పోతాండిన పిల్ల, మల్లేశ్వరి. ఇరవై రెండేండ్లు. గుద్ది, కొంచెం దూరం ఈడ్చుకోని పోయినారు. ఎర్ర రంగు పెచ్చు తప్ప ఇంకేం దొరకలేదు నాకు."

వాళ్ల వెనక షెడ్డు తలుపు మూసుకుంది. లోపలి గొళ్లెం పడిన చప్పుడు.

అంతసేపూ తలుపు చాటున నక్కిన హేమ ఇప్పుడు దానికి ఆనుకుని నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. జుట్టు విరబోసుకుంది. రెండు చేతులకూ తడి తువ్వాలు పీలికలు చుట్టి ఉన్నాయి. పీలికల చివర్లలోంచి వేలికొనలు ఎర్రగా, పొక్కులు చిట్లి కనిపిస్తున్నాయి. కాళ్ల దగ్గర ఖాళీ క్యాను పడి ఉంది. చీర కుచ్చిళ్ల దాకా పెట్రోలుతో తడిసింది.

"ఆ పిల్లని గుద్దింది నేనే," అంది. గొంతు పెంచలేదు. "నా పక్కన మా తమ్ముడుండె. ఆపనీకి నాకు కాలు రాలేదు. మా ఇంటాయప్పకి నిన్న తెలిసింది. పొద్దున్నే 'పా, స్టేషన్‌కి పోదాం' అన్నాడు. నన్ను బళ్లారికి తీసకపోవాలని మా తమ్ముడు బండి తెస్తే, మేం పోకుండా ఆయప్పే బ్యాటరీ పీకి గోదాములోకి ఎత్తుకోని పోయినాడు."

"హేమమ్మా, ముందు ఆ తలుపు తియ్యి," అంది ఇర్ఫానా. ఎడమ చెయ్యి కదలడంలేదు. కుడిచెయ్యి మెల్లగా ముందుకు చాచింది. "నీ చేతులు చూడు ఎట్లున్నాయో. ఆస్పత్రికి పోదాం. నీళ్లు పోసి కడగాల."

"మా తమ్ముడు రెక్కలు పట్టుకున్యాడంతే. ఎత్తి ఏసింది నేను. మూడుసార్లు. మూడోసారి ఆయప్ప నన్ను పేరు పెట్టి పిలిచినాడు." ఆమె రొండిన దోపుకున్న అగ్గిపెట్టె తీసింది. ఉడికిన వేళ్లు పుల్లను పట్టలేకపోయాయి. గీయబోతే మధ్యకు విరిగి కింద పడింది.

తిరుపాల్ పిస్టల్ తీసి ఆమె ఛాతీకి గురిపెట్టాడు. "పెట్టె కింద పడెయ్. కాల్చేస్తా."

హేమ పిస్టల్ వైపు చూసి, ఆ తర్వాత నేల మీద ముగ్గురి కాళ్ల చుట్టూ మెరుస్తున్న తడిని చూసింది.

"కాల్చు సార్," అంది. "నాకు పుల్ల గీసే పని తప్పుతాది."

తిరుపాల్ వేలు ట్రిగ్గర్ మీదే ఆగిపోయింది. ఇర్ఫానా ముందుకు దూకింది. ఆమె పాదం తడి నేల మీద జారింది.

రెండో పుల్ల విరగలేదు.